గుట్టమీద అద్దెగది

బిల్లు కలెక్టరు సుద్దముక్కతో ఒక్కొక్క పైపుకీ గీత పెడుతుంటే ముందు అత్తే చూసింది. గుమ్మంలో కూర్చుని పళ్ళు తోముకుంటున్న మనిషి, నోట్లో నురగతోనే అరిచింది.

"ఏం నాయనా, పైపులు బడికెళ్తున్నాయా? హాజరు వేస్తున్నావు?"

"బడికి కాదు పెద్దమ్మా, బీచి రోడ్డుకి," అన్నాడతను తలెత్తకుండా. "ఎల్లుండి లారీ వస్తుంది."

కోడలు అప్పుడే పనికి బయల్దేరుతోంది. జడ చివర రబ్బరు బ్యాండు వేలికి చుట్టుకుని అలాగే ఆగిపోయింది. నల్లటి ఇనప పైపులు వాళ్ళ ఇంటి గోడ పక్కనే పడున్నాయి. క్రేను గుట్ట మలుపు తిరగలేకపోతే కింద నుంచి మనుషులే మోసుకొచ్చారు. ఒక్కో పైపుకి ఎనిమిదేసి మంది. కూలి ఎవరూ అడగలేదు. అది తమ నీళ్ళ పైపు కదా అని. అప్పటి నుంచీ కాలువ తవ్వకం రేపు, మాపు అంటూనే ఉన్నారు. గుట్ట మాత్రం ట్యాంకరు నీళ్ళే తాగుతోంది.

"ఎందుకు తీసుకెళ్తారు సారూ? ఇవి మా పైపులు."

"మీవి కాదమ్మా. వాటా డబ్బుతో కొన్నవి."

వాటా సంగతి ఆమెకి తెలియంది కాదు. లాడ్జీలో దిగిన ప్రతివాడి దగ్గరా గదికింత, రాత్రికింత అని పన్ను గుంజుతారు. వసూలు చేసేది ఊరి మునిసిపాలిటీ. డబ్బు పోయేది రాజధానికి. అక్కడ వాళ్ళు కోసుకున్నంత కోసుకుని, మిగిలిన ముక్కని వాటా అని పేరు పెట్టి ఊరికి విసురుతారు. విసిరిన ముక్క ఎక్కడ తినాలో, ఏ చేత్తో తినాలో కూడా వాళ్ళే చెప్తారు.

"పై నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది," అన్నాడు బిల్లు కలెక్టరు. మంచివాడే. నసుగుతున్నాడు. "ఏ వార్డులో బస పన్ను కట్టారో ఆ వార్డులోనే వాటా ఖర్చు పెట్టాలట. మీ గుట్ట వార్డులో లాడ్జి లేదు, పన్ను లేదు. కాబట్టి పైపులు కూడా ఉండకూడదు. రేపు రాజధాని నుంచి తనిఖీ ఆఫీసరు వస్తున్నారు. ఈ నెలాఖరుకి లెక్కలు మూసేస్తారు."

"ఆ లాడ్జీల్లో గదులు ఊడ్చేది ఎవరు సారూ? వంట చేసేది, దుప్పట్లు ఉతికేది, గేటు దగ్గర సలాం కొట్టేది? అంతా ఈ గుట్టోళ్ళే కదా!"

"ఊడ్చినోళ్ళకి రసీదు ఉండదమ్మా. పడుకున్నోళ్ళకే ఉంటుంది."

అత్త పుక్కిలించి ఉమ్మింది. కలెక్టరు బూటు పక్కన పడింది. అతను కాలు జరుపుకున్నాడు.

ఆమె రబ్బరు బ్యాండు జడకి వేసుకుంది. "మా వార్డు నుంచి ఒక్క రసీదు ఉంటే?"

"ఒకటైనా వందైనా ఒకటే. 'పన్ను కట్టిన వార్డు' అని రాశారు గానీ ఎంత కట్టిందో రాయలేదు." అనేసి, అనకూడని మాట అన్నట్టు అటూ ఇటూ చూశాడు. "నేనేం అనలేదు."

"మీరేం అనలేదు సారూ. గది నమోదు చేయించాలంటే ఏం కావాలి?"

*

లాడ్జీలో ఆమెకు పేరు లేదు. మూడో అంతస్తు గదులు ఆమెవి గనక అందరూ "మూడో అంతస్తూ" అనే పిలుస్తారు. మేనేజరు ఫోనులో "మూడో అంతస్తుకి జ్వరమా? అయితే రెండో అంతస్తుని పైకి పంపండి" అంటే కొత్తగా విన్నవాడు అంతస్తులే లేచి నడుస్తున్నాయనుకుంటాడు.

ఆ రోజు చివరి గదిలో స్నానాల తొట్టి నిండా నీళ్ళున్నాయి. ఎవరి పిల్లాడో ఆడుకుని వదిలేసినట్టుంది, ప్లాస్టిక్ పడవ ఒకటి పక్కకి ఒరిగి తేలుతోంది. అంచు మీద సబ్బు నురగ కూడా లేదు. ఒక్క మనిషి ఒళ్ళు తడవని నీళ్ళు. ఆమె చెయ్యి ముంచి బిరడా లాగింది. నీళ్ళు సుడి తిరిగి గుడగుడమంటూ దిగడం మొదలెట్టాయి. ఆమె మంచం మీది దుప్పటి లాగి, కొత్తది పరిచి, నాలుగు మూలలూ మడతలు వేసి లోపలికి దోపి, దిండ్లు తట్టి, అద్దం తుడిచి వచ్చేసరికి కూడా ఇంకా దిగుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా నిలబడింది. తర్వాత తొట్టి కడిగింది. మళ్ళీ నీళ్ళతోనే.

సాయంత్రం దుప్పట్ల గదిలో సూపర్‌వైజర్ని అడిగింది. "మరకలు పోని దుప్పట్లు పారేస్తారు కదా మేడమ్, ఓ మూడు నాకిస్తారా? జీతంలో కోసుకోండి."

"ఇంట్లో పెళ్ళా?"

"అతిథులొస్తున్నారు."

"ఎవరు?"

"ఇంకా తెలీదు."

సూపర్‌వైజరు నవ్వి, మరక ఒక మూలనే ఉన్న మూడింటిని ఏరి ఇచ్చింది. "ఆ మూల గోడవైపు వేసుకో" అంది.

*

"నీకు పిచ్చి పట్టింది," అన్నాడు భర్త.

ఊళ్ళో అతని పేరు వాల్వు. రోడ్ల కింద ఉన్న నీళ్ళ వాల్వులు తిప్పేది అతనే. నిలువెత్తు ఇనప తాళంచెవి భుజాన వేసుకుని తిరుగుతాడు. గుంతలో దించి, పైకొసకి చెవి ఆనించి, లోపల నీళ్ళు ఎంత జోరుగా పోతున్నాయో వింటాడు. ముందు బీచి రోడ్డు, తర్వాత బజారు, ఆ తర్వాత పేటలు. గుట్టకి వాల్వే లేదు. ఊరందరికీ నీళ్ళు వదిలి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోడానికి చెంబులోకి తొంగి చూసుకునే మనిషి.

"పైపులు ఎక్కించడానికి ఎనిమిది మందిని నన్నే పోగు చెయ్యమన్నారు. కాంట్రాక్టు ఉద్యోగం నాది. ఊదితే పోతుంది. నువ్వు లాడ్జి పెడతానంటావేంటి?"

"లాడ్జి కాదయ్యా, ఒక్క గది."

"మనకున్నదే ఒక్క గది!"

"అందుకే ఒకటే పెడుతున్నా."

అత్త గోడకి చేరగిలబడి వింటోంది. "ఒరేయ్, మీ నాన్న ఈ గది కట్టినప్పుడు రాజు కొంపలా ఉందన్నాడు. రాజు రాలేదు గానీ పిల్లులొచ్చాయి. వచ్చేవాడెవడో రానీ. నేను వంటపాకలో పడుకుంటా. నా గురకకి నువ్వే బయట పడుకోవాలి."

అతను వద్దనలేదు. కానీ సాయం కూడా చెయ్యలేదు. తాళంచెవి గోడకి ఆనించి, దాని పక్కనే కూర్చుని చూస్తుండిపోయాడు. ఆమె పెట్టె, బట్టల మూట, గిన్నెలు, గోడ మీది పెళ్ళిఫొటో, అన్నీ వంటపాకలోకి చేరవేసింది. గోడలు దులిపింది. మంచం కోళ్ళకి నూనె రాసి తుడిచింది. ట్యాంకరు నుంచి తెచ్చి దాచుకున్న నీళ్ళలోంచి ఒక బకెట్టు నేలకి పోసింది. చెయ్యి ఆగకుండా, లాడ్జీలో తుడిచినట్టే తుడిచింది. పోసేశాక గాని గుర్తు రాలేదు అవి తాగే నీళ్ళని. మిగిలింది రెండు బకెట్లు. వాటిని మూతలు పెట్టి గదిలోనే ఒక మూల ఉంచింది, అతిథి కోసం.

దుప్పటి తేవడానికి బయటికొచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆమె వేళ్ళ కణుపులతో టకటకా కొట్టి, "రూమ్ క్లీనింగ్" అంది.

అత్త పకపకా నవ్వింది. ఆమె కూడా నవ్వబోయింది. చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. తన ఇంటి తలుపు. ఇన్నేళ్ళలో ఎవరూ దీన్ని కొట్టి, లోపలికి రావచ్చా అని అడిగిన పాపాన పోలేదు.

మర్నాడు సెలవు పెట్టింది. బిల్లు కలెక్టరు పొద్దున్నే వచ్చి గది, గొళ్ళెం, కిటికీ చూసుకుని, అద్దె రేటు రాసిన అట్టముక్క గోడకి ఉందని రాసుకుని, నమోదు కాగితం చేతిలో పెట్టాడు. "రూలు ప్రకారం అన్నీ ఉన్నాయి. నీటి సదుపాయం దగ్గర బకెట్లు అని రాశాను. కుళాయి ఉండాలని ఎక్కడా లేదు."

ఆమె బస్టాండుకి వెళ్ళి నిలబడింది. సీజను కదా, దిగేవాళ్ళకి తక్కువ లేదు. "గదుందండీ, శుభ్రమైన గది, గాలొస్తుంది" అని ఒక్కొక్కరి వెంటా నడిచింది. ఆటోవాళ్ళు నవ్వారు. "ఏం మూడో అంతస్తూ, సొంత హోటలా?" ఒక కొత్త జంట గుట్ట ఎక్కి వచ్చారు పాపం. అమ్మాయి దుప్పటి మడతలు చూసి మెచ్చుకుంది. అబ్బాయి గది వెనక్కి వెళ్ళి వచ్చాడు.

"కుళాయి ఎక్కడుంది ఆంటీ?"

"కుళాయి లేదు బాబూ. రెండు బకెట్లున్నాయి. సరిపోకపోతే ఇంకా తెస్తా."

"ఎక్కణ్ణుంచి?"

ఆమె గోడ పక్కనున్న పైపుల వైపు చూసింది. వాళ్ళు మర్యాదగానే వెళ్ళిపోయారు. కుళాయి లేదని గదికి మనిషి రాడు. మనిషి రాలేదని గుట్టకి కుళాయి రాదు. ఇంత చక్కటి ఉరితాడు పేనిన వాడెవడో గాని, వాడు రాత్రిళ్ళు హాయిగానే పడుకుని ఉంటాడు.

పడుకోడానికే వచ్చాడు వాడి మనిషి. చీకటి పడకముందే బిల్లు కలెక్టరు ఒక పెట్టె మోసుకుంటూ, వెనకాల కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషిని వెంటపెట్టుకుని గుట్ట ఎక్కాడు. తనిఖీ ఆఫీసరు. బీచి రోడ్డులో ఒక్క గది ఖాళీ లేదు. ప్రభుత్వ అతిథి గృహంలో ఎవరో మంత్రిగారి బామ్మర్ది పెళ్ళివారు దిగారు.

"ఈ ఒక్క రాత్రికి సర్దుకోండి సార్," అంటున్నాడు కలెక్టరు. ఆమె వైపు తిరిగి కళ్ళతోనే చెప్పాడు, దొరికాడు అని.

ఆమె తలుపు బార్లా తెరిచింది.

ఆఫీసరు చెడ్డవాడు కాడు. చెప్పులు బయటే విప్పాడు. "ఇంత శుభ్రమైన పక్క నేను మా ఇంట్లో చూళ్ళేదమ్మా" అన్నాడు. టీ తాగి గ్లాసు తనే కడగబోతే అత్త లాక్కుంది. హాయిగా నిద్రపోయాడు. పొద్దున్నే లేచి స్నానం చేశాడు. రెండు బకెట్లూ ఖాళీ చేశాడు. గోడకవతల నించుని ఆమె ఆ చప్పుడు వింది. చెంబు అడుగుకి తగిలి గీసుకున్న చప్పుడు వచ్చాక గాని ఆయన ఆగలేదు.

"బస బిల్లు ఇవ్వండమ్మా. ప్రయాణ భత్యానికి కావాలి," అన్నాడు తల తుడుచుకుంటూ. అద్దె మొత్తం ఇచ్చాడు. బిల్లు కలెక్టరు ఆమె పేర బిల్లు రాసిచ్చాడు. ఆయన మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి పన్ను రసీదు సార్," అంది ఆమె.

"నాకు పన్నుండదమ్మా. ప్రభుత్వ పని మీద వచ్చినవాళ్ళకి మినహాయింపు."

ఆమెకి అర్థం కాలేదు. కలెక్టరు వైపు చూసింది. అతను తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

"అంటే, మీరు ఇక్కడ పడుకోలేదా?"

"పడుకున్నాను. కానీ పన్ను లెక్కలో పడుకోలేదు," అన్నాడు ఆఫీసరు మెల్లగా, తప్పు తనది కానట్టు. "రేపు పొద్దున వస్తాను. పైపులు వెళ్ళాయని చూసి సంతకం పెట్టాలి."

*

లారీ గుట్ట మలుపు దగ్గర మూడుసార్లు వెనక్కీ ముందుకీ ఊగి ఎలాగో ఎక్కింది. డ్రైవరు దిగి పైపుల్ని చూశాడు. తర్వాత చుట్టూ చూశాడు. ఇళ్ళ ముందు జనం నిలబడి ఉన్నారు, ఆడా మగా. ఎవరూ తిట్టలేదు. ఎవరూ అడ్డం పడుకోలేదు. ఊరికే చేతులు కట్టుకున్నారు.

"ఎక్కించే మనుషులేరన్నా?" అన్నాడు వాల్వుతో.

"అడిగాను," అన్నాడు వాల్వు. "నడుం నొప్పట."

"అందరికీనా?"

"ఒకేసారి వచ్చింది."

డ్రైవరు నవ్వలేదు. ఒక పైపు చివర పట్టుకుని ఎత్తి చూశాడు. కదల్లేదు. "ఇవి పైకి ఎలా తెచ్చారు?"

"అప్పుడు నడుములు బాగున్నాయి నాయనా," అంది అత్త. "ఇప్పుడు వచ్చి కూర్చో. ఎండలో కూలబడితే నిన్ను మొయ్యడానికి కూడా మనుషులుండరు."

పైపుల నీడలోనే కూర్చున్నాడు డ్రైవరు. మాసిన గడ్డం, మోచేతుల దాకా గ్రీజు. మధ్యాహ్నమయ్యేసరికి అత్త అతని కథంతా లాగేసింది, తమ కథంతా చెప్పేసింది. ఊరూరా సరుకు దింపుతాడు. బీచి రోడ్డులో ఆ పెద్ద లాడ్జీకి మంచాలు, పరుపులు దించింది అతనే. ఎక్కడికెళ్ళినా లారీలోనే పడక.

"అయితే ఒక్క రసీదు లేక ఇవి పోతున్నాయన్నమాట," అన్నాడు.

"ఒక్కటే," అంది అత్త.

ఆమె వినబడుతున్నా బయటికి రాలేదు. అడగదలుచుకోలేదు. బస్టాండులో నిన్నంతా అడిగింది. దారిన పోయేవాణ్ణి అడిగింది గాని, తన పైపులు తీసుకుపోవడానికి వచ్చినవాణ్ణి ఏ మొహంతో అడుగుతుంది? ఆఫీసరు పడుకున్న దుప్పటి ఉతుకుడు మూటలో వేసి, ఇంకోటి పరిచింది. పక్కింటి వాళ్ళ దగ్గర అప్పుగా తెచ్చిన నీళ్ళతో ఖాళీ బకెట్లు మళ్ళీ నింపి, మూతలు పెట్టి, మూల ఉంచింది. ఎవరి కోసమో తనకే తెలీదు. చేతుల అలవాటు.

పొద్దు వాలుతుండగా డ్రైవరు లేచి గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి రాకుండా గోడ మీది అట్టముక్క చదివాడు.

"అక్కా, గది ఖాళీయేనా?"

ఆమె తలూపింది.

"పన్నుతో కలిపి ఎంత?"

చెప్పింది. అతను చొక్కా లోపలి జేబులోంచి తీసి లెక్కపెట్టి ఇచ్చాడు. ఆమె వద్దనబోయింది. పన్ను ఒక్కటీ కట్టు చాలు, అద్దె మేం తీసుకోం అంది.

"అద్దె లేకపోతే అది గదెలా అవుద్దక్కా? చుట్టరికం అవుద్ది. చుట్టరికానికి రసీదియ్యరు." చొక్కా జేబు సర్దుకుని, "ఆ సారుని పిలిపించు. రసీదు చూస్తేగాని నాకు నిద్ర పట్టదు," అన్నాడు.

బిల్లు కలెక్టరు పరుగున వచ్చాడు. కార్బను కాగితం సర్దుకుని, పెన్ను విదిలించి, రాయడం మొదలుపెట్టి ఆగిపోయాడు. "ఇంటి నంబరు?"

గుట్ట మీద ఏ ఇంటికీ నంబరు లేదు. మునిసిపాలిటీ వాళ్ళు ఎన్నడూ వెయ్యలేదు.

"పైపుల పక్క ఇల్లు అని రాయి," అంది అత్త. "ఎవరిని అడిగినా చెప్తారు."

అతను అలాగే రాశాడు. రాసి, చింపి, డ్రైవరుకి ఒకటి ఇచ్చి, ఆమెకి ఒకటి ఇచ్చాడు. అతని వేలికి కార్బను నలుపు అంటింది. తుడుచుకోలేదు.

*

పొద్దున ఆఫీసరు వచ్చేసరికి పైపులు పైపుల చోటే ఉన్నాయి. లారీ ఖాళీగా ఉంది. ఆయన మొహం ముడుచుకుంది. కలెక్టరు రసీదు చూపించాడు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చదివాడు.

"పైపుల పక్క ఇల్లా? ఇదేం చిరునామా?"

"గుట్టకి నంబర్లు లేవు సార్."

"ఎవరీ అతిథి? లారీ డ్రైవరా? ఇది కావాలని చేసింది. ఇక్కడ లాడ్జి ఎక్కడుంది? ఇది వాళ్ళ ఇల్లు. వార్డులో బస లేదని రాసి నేను సంతకం పెడతాను."

పెన్ను మూత తీశాడు. ఆమె నోరు తెరవబోయింది. కానీ ముందుకొచ్చింది వాల్వు. ఇనప తాళంచెవిని రెండు చేతులతో పట్టుకుని, పై ఆఫీసరు ముందు నిలబడ్డప్పుడు ఎప్పుడూ నిలబడే లాగే, కొంచెం వంగి నిలబడ్డాడు.

"అయ్యా, మొన్న రాత్రికి తమరు ఈ గదికే బస బిల్లు తీసుకున్నారు."

"అయితే?"

"అది చెల్లాలి కదా అయ్యా. రాజధానిలో."

అంతే అన్నాడు. వెనక్కి కూడా జరగలేదు. అతని పిడికిళ్ళు తెల్లబడిపోయాయి. అవి చూసింది ఆమె ఒక్కతే.

ఆఫీసరు చెయ్యి జేబు దగ్గరికి వెళ్ళి, ఆగింది. తర్వాత పెన్ను మూత పెట్టి, మళ్ళీ తీసి, రాశాడు. రాసినది బయటికి చదవలేదు. కలెక్టరు భుజం మీదుగా చూసి, ఆమెకి తల ఊపాడు.

"ఇది ఈ ఏటికే," అన్నాడు ఆఫీసరు చెప్పులు సవరించుకుంటూ. "వచ్చే ఏడు మళ్ళీ చూస్తారు."

"మళ్ళీ రండి," అంది అత్త. "పక్క సిద్ధంగా ఉంటుంది."

లారీ ఖాళీ డబ్బాలా గడగడమంటూ గుట్ట దిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పైపులు పోలేదు, అంతే. కాలువ తవ్వలేదు, కుళాయి రాలేదు. వాల్వు బీచి రోడ్డుకి నీళ్ళు వదిలే వేళైందని తాళంచెవి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రేపు అతని ఉద్యోగం ఉంటుందో లేదో ఎవరూ అనలేదు.

ఆమె గది సర్దడానికి లోపలికి వెళ్ళింది. మంచం మీద దుప్పటి తను పరిచినట్టే ఉంది. నాలుగు మూలల్లో ఒక్క మడతా చెదరలేదు. దిండు మీద గుంట లేదు. తలుపు పక్కన నేల మీద గోనెపట్టా నాలుగు మడతలు పెట్టి ఉంది. పడుకున్నది అక్కడ. మూల బకెట్ల మీద మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఎత్తి చూసింది. రెండూ నిండుగా ఉన్నాయి.

గ్రీజు చేతులతో తెల్ల దుప్పటి మీదికి రాలేకపోయాడు. కడుక్కుందామంటే నీళ్ళు ముట్టుకోలేకపోయాడు.

ఆమె మూతలు మళ్ళీ పెట్టింది. తర్వాత దుప్పటి మూల పట్టుకుని లాగేసింది. మనిషి దిగిన గదిలో దుప్పటి మార్చాల్సిందే. ఉతుకుడు మూటలో వేసి, మూడోది దులిపి పరిచింది. మూలలు మడిచి దోపింది. మరక ఉన్న వైపు గోడకి తిప్పింది.

"ఏమే కోడలా, ట్యాంకరొచ్చింది!" అరిచింది అత్త బయట నుంచి.

"వస్తున్నా," అంది. ఒక బకెట్టు ఎత్తుకుని, తొణక్కుండా నడిచి, వరసలో నిలబడ్డ పక్కింటామె బిందెలో పోసి సగం అప్పు తీర్చింది. ఖాళీ బకెట్టు పట్టుకుని పైపుల వెంబడే వెళ్ళి, వరసలో చివర నిలబడింది.